బ్రూక్‌హోక్‌లో ఇల్లు దొరకదు, సంతోషించండి!

మా బ్రూక్‌హోక్ మునిసిపాలిటీలో ఎవరికీ ఇల్లు దొరకడం లేదు. ఇంతకన్నా శుభవార్త ఈమధ్య కాలంలో నేను వినలేదు!

ఆగండాగండి, కోప్పడకండి. ఈ మాట చదవగానే మీలో కొందరు కాఫీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టి, "ఈ బెరెంట్‌కి మతి పోయింది" అనుంటారు. మీ అబ్బాయికి ముప్పై దాటినా ఇంకా అటక మీద గదిలోనే పడుకుంటున్నాడనీ, వాడి బూట్లు గుమ్మంలో మీ కాళ్ళకి అడ్డం పడుతున్నాయనీ నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను. అది బాధ కాదు, భాగ్యం. వాడికి ఇల్లు దొరికి ఉంటే ఆ బూట్లు ఎక్కడుండేవి? వేరే గుమ్మంలో! అప్పుడు పొద్దున్నే లేచి మీరు ఎవర్ని తిట్టుకునేవాళ్ళు?

మాది ఆమ్‌స్టర్‌డామ్‌కి ఎంతో దూరాన ఉన్న పల్లెల మునిసిపాలిటీ. పట్నం అనదగ్గది ఒక్కటీ లేదు. పల్లెకో చర్చి గోపురం, పల్లెకో ఫుట్‌బాల్ మైదానం, పక్క పల్లె మీద పల్లెకింత అనుమానం. వెనకటికి ఇక్కడి పిల్లలు చదువైపోగానే ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. పుట్టినరోజుకి వచ్చి, గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చుని, ఒక ముక్క కేకు తిని, సైకిలెక్కి పోయేవాళ్ళు. ఇప్పుడో? సాయంత్రం ఆరు కొట్టేసరికి అందరూ అమ్మ వడ్డించే బంగాళాదుంపల ముందు హాజరు. ఏ ప్రభుత్వం తేగలిగింది ఇంతటి కుటుంబ ఐక్యత?

ప్రేమలు కూడా ఎంత తాజాగా ఉంటున్నాయో చూడండి. మా పక్కింటి డెర్క్ కూతురు యోలీన్‌కీ, పక్క పల్లెలో ఉండే స్టెఫ్‌కీ నిశ్చితార్థమై ఏళ్ళయింది. ఆమె ఇక్కడ తండ్రి ఇంటి అటక మీద. అతను అక్కడ తండ్రి గారి పశువుల కొట్టం మీద. ఒకే కప్పు కింద ఉంటే కదా టూత్‌పేస్ట్ మూత పెట్టలేదని దెబ్బలాడుకునేది! వీళ్ళకి ఆ అవకాశమే లేదు. బస్టాపులో కలుసుకుంటారు, బస్టాపులోనే విడిపోతారు. ఇద్దరి మధ్యా ఒక్క పల్లెత్తు మాట లేదు.

ఇక ముసలివాళ్ళ సంగతి. ఒకప్పుడు మమ్మల్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఇప్పుడు సైకిల్ మీద పోయేవాళ్ళంతా ఆగి మరీ పలకరిస్తున్నారు. "దగ్గు తగ్గిందా పెద్దాయనా? మెట్లెక్కగలుగుతున్నారా? రాత్రిళ్ళు ఊపిరి బాగానే ఆడుతోందా?" అని ఒకటే ఆరా. అడుగుతూ అడుగుతూ కొందరు నా ఇంటి పెంకుల వంక చూస్తారు. ఒక కుర్రాడైతే మాటల్లో మాటగా గోడని వేలితో కొట్టి చూశాడు. కొట్టనివ్వండి. లోకంలో ఆప్యాయత పెరిగిందంటే కాదంటామా?

ఇల్లు చూడ్డం కూడా ఇప్పుడు మనిషికి చురుకుదనం నేర్పుతోంది. బ్రోకర్ పావుగంట టైమిస్తాడు. ముందు జంట వెనకదారిన దిగుతుండగా తరువాతి జంట ముందుదారిన ఎక్కాలి. ఆ పావుగంటలో బతుకంతా ఎక్కడ గడపాలో తేల్చుకోవాలి. మా అన్నయ్యకి సోఫా గుడ్డ ఎంచుకోవడానికి చలికాలమంతా పట్టింది. అలాంటి జాతిని ఇంత చలాకీగా తయారుచేసినందుకు బ్రోకర్లకి దండలు వెయ్యాలా, వద్దా?

సరే, ఉత్త మాటలెందుకు? యోలీన్ సంగతే చెబుతాను. ఇల్లు దొరక్కపోవడం వల్ల మనిషికి ఎన్ని లాభాలో మీకే తెలుస్తుంది.

మా వరసలో మూడే ఇళ్ళు. ఈ చివర నాది, నడుమ డెర్క్‌ది, ఆ చివర ద్రీకా పెద్దమ్మది. మూడింటికీ వెనక ఒకటే మొక్కజొన్న చేను. మా వైపు పక్కింటివాణ్ణి నోబర్ అంటారు. చుట్టం ముఖం చాటెయ్యొచ్చు, డాక్టర్ రేపు రమ్మనొచ్చు, నోబర్ మాత్రం తప్పించుకోవడానికి వీల్లేదు. ఆవు ఈనినా, పొయ్యి గొట్టం అంటుకున్నా, మనిషి పోయినా ముందు కొట్టేది వాడి తలుపే. నోబర్ నోరు తెరిచి అడిగితే కాదనకూడదు. ఎందుకని అడగడం కూడా మర్యాద కాదు. మా తాతల నాటి నుంచీ అంతే.

యోలీన్ ఇంటింటికీ తిరిగే నర్సు. ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, మందులు మింగించి, కాళ్ళ వాపుకి వేసుకునే ఆ బిగుతు మేజోళ్ళు ఎక్కించి వెళుతుంది. నా మేజోళ్ళూ ఆమే ఎక్కించేది. ద్రీకా పెద్దమ్మకి మాత్రం జీతం కోసం చెయ్యలేదు, నోబర్‌గా చేసింది. ఆవిడ మంచాన పడ్డాక సూపు కాచింది, తల దువ్వింది, కబుర్లు చెప్పింది. "నా తరువాత ఈ ఇంట్లో నువ్వే ఉండాలే పిల్లా" అని ఆవిడ నా ఎదుటే అంది. అప్పుడు అక్కడున్నది నేను, డెర్క్, ఆవిడ పిల్లి. కాయితం మీద పెట్టాలన్న ఆలోచన మా ముగ్గురిలో ఎవరికీ రాలేదు.

ఆవిడ పోయాక, ఇంటికి వారసుడైన మేనల్లుడు ది హేగ్ నుంచి వచ్చాడు. మంచివాడే. యోలీన్ చేతులు పట్టుకుని మరీ థాంక్స్ చెప్పాడు. "మీరు చేసింది నేను మర్చిపోను. ఇల్లు అమ్మకానికి పెడుతున్నాను, మీరు కూడా తప్పకుండా ధర వెయ్యండి. అందరికీ సమాన అవకాశం ఉండాలి కదా" అన్నాడు. ఎంత న్యాయంగా మాట్లాడాడు! మర్నాడే బ్రోకర్ వచ్చి ఇంటి ముందు బోర్డు పాతాడు.

జనం ఇల్లు చూడ్డానికి వచ్చేది సోమవారం. ముందు శనివారం పొద్దున యోలీన్ డ్యూటీ నుంచి వచ్చేసరికి వాళ్ళ నాన్న ద్రీకా పెద్దమ్మ ఇంటి ముందు కత్తెర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాన్నా, ఏం చేస్తున్నావ్?"

"కనబడ్డం లేదూ? మొక్కల కంచె కత్తిరిస్తున్నా."

"ఎల్లుండి జనం వస్తున్నారు నాన్నా!"

"అందుకే కదే! ఇలా జడలు కట్టిన కంచె చూస్తే ఏమనుకుంటారు? పక్కింట్లో మనుషులున్నారా, చచ్చారా అనుకోరూ?"

"అనుకోనీ! ఛీ, ఇదేం ఇల్లు అనుకోనీ! వచ్చిన దారినే పోనీ! నాకు కావాలి నాన్నా ఈ ఇల్లు!"

డెర్క్ కత్తెర దించి కూతురి వంక అయోమయంగా చూశాడు. "కావాలి, నిజమే. అందుకని పోయిన మహాతల్లి గుమ్మం ముందు గడ్డి పెంచమంటావా? మనవల్ల కాదే అది."

యోలీన్ కాలు నేలకేసి కొట్టి ఇంట్లోకి పోయింది. కాసేపటికి నిచ్చెన, బకెట్టు పట్టుకుని బయటికొచ్చింది. ద్రీకా పెద్దమ్మ కిటికీ అద్దాల మీద వాన మరకలు ఆమె కంట్లో కూడా ముల్లులా గుచ్చుకుంటున్నాయి మరి! కోపంతో రుద్దింది కాబట్టి మామూలుగా కన్నా ఎక్కువ మెరిశాయి. ఈలోగా డెర్క్ దారి కంకరంతా పళ్ళకర్రతో దువ్వి చారలు తీర్చాడు. బ్రోకర్ వచ్చి ఫోటోలు తీసుకుని, "నా సర్వీసులో ఇంత ముచ్చటగా ఉన్న పాత ఇల్లు చూడలేదండీ" అని డెర్క్ వీపు తట్టి వెళ్ళాడు.

సోమవారం రానే వచ్చింది. పొద్దుటి నుంచీ కార్లే కార్లు. పరాయివాళ్ళు అంతదూరం నుంచి వస్తే ఉత్త నోటితో పంపుతామా అని యోలీన్ వాళ్ళమ్మ ఆపిల్ కేకు చేసి, కాఫీ కాచి, కంచె మీదుగా అందించింది. డెర్క్ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా ఇంటి గుణగణాలు చెప్పాడు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన ఒకావిడ, తెల్ల ప్యాంటు వేసుకుని, తడి నేల మీద మునివేళ్ళతో నడుస్తూ, "కప్పు కారుతుందా?" అని అడిగింది.

"చుక్క కారదండీ. ఏటా నేనే ఎక్కి పెంకులు సర్దుతాను."

"ఇకముందు కూడానా?"

"మరి? నోబర్ని కదా!" అన్నాడు డెర్క్, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆవిడ భర్త వంక చూసింది. భర్త ఆవిడ వంక చూశాడు. ఆ చూపులు కిటికీలోంచి చూసిన యోలీన్ చేతిలోని కేకు ముక్క తినకుండా అలాగే పళ్ళెంలో పెట్టేసింది. సాయంత్రానికి బ్రోకర్ ప్రకటనలో కొత్త వాక్యం చేరింది. చల్లని గాలి, తోట, సొంత మనుషుల్లా చూసుకునే పక్కింటివాళ్ళు. అంటే యోలీన్ కొనబోయే ఇంట్లో యోలీన్ కూడా కలిసి ఉందన్నమాట! తనని తాను కొనుక్కోవడానికి ధర వేసే యోగం ఎంతమందికి పడుతుంది చెప్పండి?

వేసింది. మాలో ధర గుట్టుగా వెయ్యాలి, ఎదుటివాడు ఎంత వేశాడో తెలీదు. ఆమె దాచుకున్నది, స్టెఫ్ దాచుకున్నది, స్టెఫ్ వాళ్ళ నాన్న రెండు ఆవుల్ని అమ్మి ఇస్తానన్నది, బ్యాంకు వాడు మూలిగి మూలిగి ఒప్పుకున్నది, అంతా కలిపి వేసింది. ఆ వారమంతా రాత్రిళ్ళు నిద్రలేదు. ద్రీకా పెద్దమ్మ వంటింట్లో గోడకి ఏ రంగు వెయ్యాలో స్టెఫ్‌తో ఫోన్లో వాదించింది. చూశారా, అప్పుడే మొదలైంది దెబ్బలాట! మొదటి పల్లెత్తు మాట!

బ్రోకర్ ఫోన్ చేసిన రోజు ఆమె మా ఇంటికొచ్చింది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని మేజోడు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

"నెమ్మదమ్మా, కాలు ఊడొస్తుంది!"

"పోతే కాలే కదా బాబాయ్. ఇల్లు కాదుగా."

"ఎవరికొచ్చింది?"

"తెల్ల ప్యాంటు ఆవిడకి. శని, ఆదివారాలు వచ్చి గాలి పీల్చుకుని పోతారట." ఆమె రెండో మేజోడు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఆ వంటింట్లో ఏ సొరుగు బిగుసుకుపోతుందో, ఏ పలక మీద కాలేస్తే కిర్రుమంటుందో నాకు తెలుసు బాబాయ్. వాళ్ళకి వారానికి రెండ్రోజులు. నాకైతే బతుకంతా ఉండడానికి కావాలి." అని ఏడ్చింది. నా మోకాలి మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

నేను ఓదార్చాను. ఇల్లంటే ఎంత బరువో, కాలువలు పూడుతాయనీ, చెదలు పడతాయనీ, పన్నులుంటాయనీ అన్నీ విడమరచి చెప్పాను. నాలుగు పడగ్గదుల ఇంట్లో ఒక్కణ్ణే ఉంటున్నవాణ్ణి, ఆ కష్టం నాకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? ఆమె తలెత్తి నా వంక వింతగా చూసి, ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మా వైపు కొత్తవాళ్ళు ఇంట్లో దిగితే నోబర్లు గుమ్మానికి దేవదారు కొమ్మల తోరణం కట్టి, దాని నిండా కాయితం గులాబీలు గుచ్చాలి. గులాబీలు చెయ్యాల్సింది పక్కింటి ఆడవాళ్ళు. అందుచేత యోలీన్ కూర్చుని చేసింది. తన ఇల్లు తన్నుకుపోయినవాళ్ళకి తన చేత్తో పువ్వులు చేసింది.

"మరీ అంత గట్టిగా మడవకే, చిరిగిపోతున్నాయి" అంది తల్లి.

"చిరగనీ అమ్మా. మడిచేది పువ్వు కాదు, నా కడుపుమంట."

అయినా ఒక్కటీ చిరిగింది లేదు. ఆ పిల్ల చేతిలో పని చెడదు. తెల్ల ప్యాంటు ఆవిడ కారు దిగి తోరణం చూసి రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. "అయ్యో, ఎంత బాగుంది! ఇవన్నీ మీరే చేశారా? ఇలాంటి మనుషుల కోసమే మేమిక్కడికి వచ్చింది!" అని యోలీన్‌ని పట్టుకుని ఫోటో దిగింది. ఆదివారం సాయంత్రం వెళ్ళిపోతూ తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, వారం మధ్యలో ఓసారి బాయిలర్ చూసి, కుండీలకి నీళ్ళు పోసిపెట్టమని అడిగింది. నోబర్ అడిగాక ఏమంటుంది? సరేనంది. ఇల్లు కావాలనుకున్న పిల్లకి ఇంటి తాళంచెవి వచ్చింది, అప్పు లేకుండా, పన్ను లేకుండా! ఇంకా ఏడుపు ముఖం పెడితే ఏం చెయ్యగలం?

పెట్టింది మరి. చలికాలం గడిచేసరికి ఆమె, స్టెఫ్ కలిసి పట్నంలో ఒక అద్దె ఫ్లాట్ చూసుకుని వెళ్ళిపోయారు. ఆ పూట ఊరంతా వీధిలోకి వచ్చి నిలబడింది. అందరి కళ్ళల్లోనూ నీళ్ళే. "మా ఊరి పిల్ల, మా ఊళ్ళో చోటు లేక పోతోంది" అని మా ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రటరీ ముక్కు చీదాడు. స్కూలు హెడ్మాస్టరు, పిల్లలు చాలక వచ్చే ఏడు రెండు క్లాసులు ఒకే గదిలో కూర్చోబెట్టాలని దిగులుపడ్డాడు. నాకు మటుకు ఒక మేలు జరిగింది. ఇప్పుడు నా మేజోళ్ళకి నర్సు పట్నం నుంచి కార్లో రావాలి. పదకొండు దాటితే గాని రాదు. అందాకా హాయిగా మంచం మీదే ఉంటున్నాను, మేజోళ్ళు లేందే కాళ్ళు ఎటూ కిందికి దిగవు.

ఇంత సుఖంగా ఉన్న ఊళ్ళో మునిసిపాలిటీ వేలు పెట్టింది. మా వెనక ఉన్న మొక్కజొన్న చేలో డజను చిన్న ఇళ్ళు కడతారట! అవీ ఈ ఊరి పిల్లలకే ముందు ఇస్తారట! ఊరివాళ్ళ అభిప్రాయం తెలుసుకోవడానికి ఊరి హాల్లో మీటింగు పెట్టారు.

మీరే చెప్పండి, నా వంటింటి కిటికీ ఏమైపోవాలి? ఆ కిటికీలోంచి నాకు ఎంత దూరమైనా కనిపిస్తుంది. ఎండాకాలంలో మొక్కజొన్న మనిషిని మించి పెరుగుతుంది కాబట్టి అప్పుడు కనిపించదు. శీతాకాలంలో పొగమంచు, అప్పుడూ కనిపించదు. కానీ మధ్యలో కొన్ని రోజులుంటాయే, అప్పుడు కనిపిస్తుంది!

మీటింగుకి ముందురోజు డెర్క్‌ని కంచె దగ్గరికి పిలిచాను.

"రేపు వస్తున్నావుగా?"

"వస్తా. యోలీన్ కూడా వస్తానంది. ఆ ఇళ్ళలో ఒకటి అడుగుదామని ఆశపడుతోంది బెరెంట్. నిన్న ఫోన్లో దాని గొంతు ఎంత హుషారుగా ఉందో, అలా విని ఎన్నాళ్ళయిందో."

"మంచి పిల్ల. అది సరే గాని, చేలో ఇళ్ళు లేస్తే నా కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?"

"ఇళ్ళు కనిపిస్తాయి."

"అదే కదా నా బాధ! నోబర్‌గా అడుగుతున్నాను డెర్క్. వద్దని నాతోపాటు చెయ్యెత్తుతావా?"

డెర్క్ నా వంటింటి కిటికీ వంక చూశాడు. కంచె మీద ఎండుటాకు ఒకటి తీసి నలిపాడు. "అలా అడిగితే ఎలా బెరెంట్?"

"మరెలా అడగాలి?"

"సరే" అన్నాడు. అని లోపలికి పోయాడు. రోజూలా శుభరాత్రి చెప్పలేదు.

హాలు కిటకిటలాడింది. ముందు తెల్ల ప్యాంటు ఆవిడ భర్త లేచాడు. ప్రశాంతత కోసం ఇంతదూరం వచ్చామనీ, కాంక్రీటు మిక్సర్లు వస్తే పల్లె పల్లెలా ఉండదనీ, మన బతుకు తీరు మనమే కాపాడుకోవాలనీ చక్కగా మాట్లాడాడు. మన అన్నప్పుడు నాకు ముచ్చటేసింది. ఫుట్‌బాల్ సెక్రటరీ, ఇళ్ళు కావాలి గాని ఆ చేలో కాదన్నాడు. హెడ్మాస్టరు, ఆ చేలో అయినా పర్లేదు గాని ట్రాఫిక్ పెరగకూడదన్నాడు. మునిసిపాలిటీ నుంచి వచ్చినామె అలిసిపోయిన ముఖంతో, "వద్దనేవాళ్ళు చేతులెత్తండి" అంది.

లేచాయి చేతులు. నాది అన్నిటికన్నా ముందు. నా పక్కన కూర్చున్న డెర్క్ చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. తరువాత పూర్తిగా లేచింది.

"నాన్నా!"

వెనక తలుపు దగ్గర యోలీన్. డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. హాలంతా వెనక్కి తిరిగింది. డెర్క్ తిరగలేదు, చెయ్యి దించనూ లేదు.

"నోబర్ అడిగాడే" అన్నాడు, ఎదురుగా గోడ వంక చూస్తూ.

"నేనూ అడిగేదాన్ని కదా నాన్నా! పక్కింట్లో ఉంటే నేనూ కంచె దగ్గరికి వచ్చి అడిగేదాన్ని. నన్నూ కాదనేవాడివి కాదు. నేను కూతురినై పోయాను, ఏం చెయ్యను? నీకు నోబర్ని అవుదామనే కదా నాన్నా ఇన్నాళ్ళూ ఇల్లు ఇల్లని తిరిగింది?" ఆమె హాలంతా కలయజూసింది. "పోయిన నెల వీధిలో నిలబడి ఏడ్చారే, వాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. ఒక్కరు, ఒక్కరు చెయ్యి దించండి!"

ఎవరూ కదల్లేదు. డెర్క్ ఎత్తిన చేతిని రెండో చేత్తో పట్టుకోవడం నేను పక్కనే ఉండి చూశాను. మునిసిపాలిటీ ఆమె కాయితాల్లోకి చూసి, ఇబ్బందిగా, "అమ్మా, మీ అడ్రసు ఇప్పుడెక్కడ?" అంది.

"పట్నంలో."

"అయితే మీరు కూర్చోవాలి. ఇది ఈ ఊరివాళ్ళ మీటింగు. రూలు అలా ఉంది, ఏమీ అనుకోకండి."

యోలీన్ కూర్చోలేదు. తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. చేతులు లెక్కపెట్టారు, చేను నిలిచింది. అందరం కాఫీ తాగాం. డెర్క్ తాగలేదు.

ఆ పిల్ల అన్నదాంట్లో బొత్తిగా న్యాయం లేదని నేననను. చిన్నప్పటి నుంచీ నా కళ్ళ ముందు పెరిగింది, నాకు మాత్రం ప్రేమ ఉండదూ? కానీ పాఠకమహాశయులారా, మీరే గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఎవరో పై ఊరి మనిషి వచ్చి మా ఊళ్ళో ఇళ్ళు కట్టమంటే మేం ఎలా ఒప్పుకుంటాం?